చీటీ మీద పేరు

డాక్టరు: మందు రాయనన్నాను గానీ చూడనని అనలేదు. ఆ రెంటికీ చాలా తేడా ఉంది. జ్వరమొస్తే రండి, చూస్తాను. మిరపకోతల్లో ఎండదెబ్బ కొడితే రండి, సెలైన్ పెడతాను. 30 ఏళ్లుగా వినుకొండలో ప్రాక్టీసు చేస్తున్నాను, ఒక్కరిని కూడా గుమ్మం బయట నిలబెట్టలేదు. హార్మోన్లు మాత్రం నాచేత రాయించకండి.

ఆమె: జ్వరం నాకు ఏడాదికోసారి వస్తుందండీ. హార్మోను మాత్ర రోజూ వేసుకుంటాను. ఏడాదికోసారి వచ్చేదానికి మీరు డాక్టరు, రోజూ ఉండేదానికి మెడికల్ షాపు అబ్బాయి డాక్టరు. అతను ఇంటర్ తప్పాడు. కాదనకుండా ఇస్తాడు, అంతే.

డాక్టరు: అతను ఇస్తున్నాడు గనక నేనూ ఇవ్వాలంటే అదేం వాదన? 2002లో మెడికల్ కౌన్సిల్ పెట్టిన నియమావళి మాకుంది. కారణం లేకుండా వైద్యం నిరాకరించకూడదని అందులో రాశారు. ఆ పక్కనే, తన అనుభవంలో లేని జబ్బయితే ఇంకో డాక్టరు దగ్గరికి పంపవచ్చనీ రాశారు. నేను చదివిన ఎంబీబీఎస్‌లో మీ గురించి చెప్పిన పాఠం లేదు. ఎక్కడన్నా ఒక ముక్క ఉంటే ఫోరెన్సిక్ పుస్తకంలో, నేరాల పక్కన ఉండేది. తెలియని మందు రాయకపోవడం నా ధర్మం. గుంటూరులో ఎండోక్రినాలజిస్టులు ఉన్నారు. ఉత్తరం రాసిస్తాను, వెళ్లండి.

ఆమె: శ్రావణమాసం వచ్చిందంటే మీ క్లినిక్ ముందు ఆడవాళ్లు ఎందుకు బారులు తీరతారో నాకు తెలుసండీ. వరలక్ష్మీ వ్రతం నాటికి బయట చేరకుండా మాత్రలు రాయించుకోవడానికి. అది హార్మోను కాదా? థైరాయిడ్ మాత్ర 25 నుంచి 50కి పెంచేది మీరే. మా నాన్నకు ఇన్సులిన్ యూనిట్లు మార్చేదీ మీరే. ఇన్సులిన్ కూడా హార్మోనేనని పదో తరగతిలో నేనే చదివాను. వీళ్లెవరినీ గుంటూరు పొమ్మనలేదే?

డాక్టరు: ఆ మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ వాయిదా మాత్ర వారం పది రోజుల ముచ్చట. మీది జీవితాంతం వాడాల్సింది. ఈస్ట్రోజెన్ వాడితే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు ఎక్కిందంటే గంటల్లో ప్రాణం పోతుంది. పొగ తాగేవాళ్లకూ వయసు మళ్లినవాళ్లకూ ఆ భయం ఇంకా ఎక్కువ. లివరు చూడాలి, బీపీ చూడాలి, రక్తంలో ఆ హార్మోను ఎంతుందో కొలవాలి. మొదలుపెట్టినవాడు మధ్యలో వదిలేయకూడదు. ఇంకో సంగతి కూడా చెప్పనా, కోపం తెచ్చుకోకుండా వినండి. రేపు మీకేమన్నా అయితే ఎవరొస్తారు? మిమ్మల్ని ఇంట్లోంచి పంపేసినవాళ్లే వస్తారు. బతికున్నప్పుడు అక్కర్లేని బిడ్డ శవమయ్యాక వాళ్లదవుతుంది. మా వాడికి ఏం మందులిచ్చి చంపావని అద్దాలు పగలగొడతారు. ఆసుపత్రుల మీద దాడులు ఆపాలని మన రాష్ట్రం 2008లోనే చట్టం చేసింది. దాడులు ఆగాయా? వినియోగదారుల కోర్టు సంగతి సరేసరి, 1995లో సుప్రీంకోర్టు మమ్మల్ని అందులోకి తెచ్చింది.

ఆమె: గడ్డకడుతుందని మీకు తెలుసు, ఆ అబ్బాయికి తెలీదు. తెలిసిన మీరు తప్పుకుని తెలియనివాడికి వదిలేశారు. మాలో కొందరు గర్భనిరోధక మాత్రలు గుప్పెడు మింగుతారండీ, ఒళ్లు తొందరగా మారుతుందని. ఎన్ని మింగాలో అంతకు ముందు మింగిన అక్క చెబుతుంది. ఇంజెక్షనైతే ఆర్‌ఎంపీ పొడుస్తాడు. మిరప రైతును చూశారుగా. 2021లో నల్ల తామర పురుగు చేలమీద పడ్డప్పుడు ఏం కొట్టాలో చెప్పింది ఎవరు? పురుగుమందుల కొట్టువాడు. ఒకటి పనిచేయకపోతే రెండు కలిపి కొట్టమన్నాడు, అదీ పనిచేయకపోతే మూడు. పంట పోయాక అందరూ కలిసి రైతునే తిట్టారు, మందు అతిగా కొట్టాడని.

డాక్టరు: పోలిక బాగానే చెప్పారు. కానీ కొట్టువాడు తెలియక చేసే పనిని నేను తెలిసి చేయాలంటున్నారు.

ఆమె: చేయమనడం లేదు. మంచిగా చేయమంటున్నాను. 2023 ఫిబ్రవరిలో నెల్లూరులో ఏం జరిగిందో పేపర్లో చదివే ఉంటారు. లాడ్జి గదిలో ఇద్దరు బీఫార్మసీ విద్యార్థులు లింగమార్పిడి ఆపరేషన్ చేశారు. యూట్యూబ్ చూసి నేర్చుకున్నారట. మనిషి చనిపోయింది. ఎక్కడో కాదు, మన పక్క ప్రకాశం జిల్లా మనిషి. ఆ గదికి వెళ్లడానికి ముందు ఆమె ఎన్ని క్లినిక్కుల మెట్లెక్కి దిగిందో మనకు తెలీదు. అసలు ఎక్కనే లేదేమో కూడా. ఎక్కినా ఏమంటారో ముందే తెలుసు గనక.

డాక్టరు: నెల్లూరు పాపం నా నెత్తిన పెట్టకండి. అది ఆపరేషన్. నేను కురుపు కోసేవాణ్ణి. ఆ చావుకు జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం. 2019లో ట్రాన్స్‌జెండర్ల చట్టం చేశారు గదా, ఆపరేషన్లు, హార్మోన్లు, ముందూ వెనుకా కౌన్సెలింగ్, అన్నీ ప్రభుత్వమే చూడాలని 15వ సెక్షన్‌లో రాశారు. డాక్టర్ల పాఠ్యాంశాలు సవరించాలనీ అందులోనే రాశారు. 2019 తర్వాత నాకు ఎవరైనా ఒక్కరోజు శిక్షణ ఇచ్చారా? క్షయకు ఇచ్చారు, కోవిడ్‌కు ఇచ్చారు, డెంగ్యూకు ఏటా మీటింగు పెడతారు. దీనికి ఒక కరపత్రం కూడా రాలేదు. బాధ్యత నా మీద పడేసి, చదువు చెప్పడం మరిచిపోయారు.

ఆమె: అదే చట్టం 3వ సెక్షన్‌లో, వైద్యం ఇవ్వకపోవడం, ఇస్తున్నది ఆపేయడం, వైద్యంలో తేడా చూపించడం తప్పని కూడా రాశారు. కానీ శిక్షలు రాసిన 18వ సెక్షన్‌కు వచ్చేసరికి, వైద్యం నిరాకరించినవాడికి ఏం చేస్తారో విడిగా చెప్పలేదు. మీకు శిక్షణ ఇవ్వలేదు, నాకు ఇచ్చిన హక్కుకు కోరలు పెట్టలేదు. ఇద్దరం ఒకే చట్టాన్ని చెరోవైపు నుంచి తిడుతున్నామండీ.

డాక్టరు: తిడుతున్నామన్నది నిజం. కానీ కోర్టులు మీ వైపే ఉన్నాయిగా. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నల్సా కేసులో ఎవరు ఆడో ఎవరు మగో ఆ మనిషే చెప్పుకోవచ్చని తేల్చింది. 2025 జూన్‌లో మన హైకోర్టు కూడా, ఒంగోలు నుంచి వచ్చిన కేసులో, భర్త వేధిస్తే ట్రాన్స్ మహిళ కూడా 498ఎ కింద ఫిర్యాదు పెట్టవచ్చంది.

ఆమె: అని, ఆధారాలు చాలవని ఆ కేసే కొట్టేసింది. నీకు హక్కుంది, నీ కేసు లేదు. మాకు అలవాటేలెండి. అయినా నేను కోర్టు సంగతి మాట్లాడటానికి రాలేదు. మీ దగ్గర చీటీ రాసే కాంపౌండరు సంగతి మాట్లాడటానికి వచ్చాను.

డాక్టరు: ఏమన్నాడు?

ఆమె: ఏమీ అనలేదు. ఆధార్‌లో ఉన్న పాతపేరు పెట్టి హాలంతా వినపడేలా పిలిచాడు. చీర కట్టుకున్న మనిషి ఆ పేరుకు లేచి నిలబడితే, బెంచీల మీద 20 మంది తలలు ఎత్తారు. మీరు నాడి పట్టుకునేలోపే నా సంగతి ఊరందరికీ తెలిసిపోయింది. ఒకాయనైతే ఎక్కడా దాచుకోకుండా మీసం తిప్పి నవ్వాడు.

డాక్టరు: ఆధార్‌లో ఏది ఉంటే అది రాయమని నేనే చెప్పాను. ఎన్టీఆర్ వైద్య సేవకి, ల్యాబుకి, ఇన్సూరెన్సుకి పేర్లు కలవకపోతే బిల్లు ఆగిపోతుంది. ఒకే మనిషికి రెండు పేర్లతో రెండు చీటీలుంటే రేపు పెన్సిలిన్ పడదని ఒక దానిమీద రాసి, రెండోది చూసి ఇంజెక్షన్ పొడుస్తాం. మీ పరువు కాపాడబోయి ప్రాణం మీదికి తెస్తామేమో.

ఆమె: చీటీలో ఏది కావాలంటే అది రాసుకోండి. పిలవడానికి టోకెను నంబరు లేదా? బ్యాంకులో 47 అంటే నేను లేస్తాను. అక్కడ డబ్బు దాచుకోవచ్చు, మీ దగ్గర పేరు దాచుకోకూడదా?

డాక్టరు: సరే, నంబరుతో పిలిపిస్తాను. ఇందులో వాదన లేదు. ఇంతకాలం ఎందుకు తట్టలేదో నాకే తెలియడం లేదు.

ఆమె: ఇంకోటి. కాంపౌండరు లోపలికి వచ్చి మీతో 'అది వచ్చిందండీ' అన్నాడు.

డాక్టరు: తెలుగులో ఆడవాళ్లకూ వచ్చింది అనే అంటాం కదా. 'మీ అక్క వచ్చింది' అనమా?

ఆమె: అక్క వచ్చింది. గేదె వచ్చింది. కరెంటు వచ్చింది. క్రియ ఒకటేనండీ, దాని ముందు ఏముందో చూడాలి. అక్క అన్న మాటుంటే మనిషి. 'అది' అంటే గేదెనో కరెంటో. 'వచ్చారు' అంటే సరిపోయేది. ఆడా మగా తేల్చనక్కర్లేదు, పెద్దమనిషనే గౌరవం వస్తుంది, వ్యాకరణమూ చెడదు. తెలుగు మనకు దారి ఇచ్చే ఉంచింది. ఇక మీ సంగతి. నేను చిన్నప్పుడు గవదబిళ్లలొస్తే మా నాన్న భుజానేసుకుని మీ దగ్గరికే తెచ్చాడు. అప్పుడు ఒరేయ్ అనేవారు. ఇప్పుడు మీరు అంటున్నారు. ఆ 'మీరు'లో గౌరవం ఉందో లేదో గానీ, దూరం మాత్రం చాలా ఉంది.

డాక్టరు: ఏమని పిలవాలో తెలియక అన్నాను. ఒరేయ్ అంటే నొచ్చుకుంటావు. అమ్మాయ్ అందామంటే నాకు నోరు తిరగలేదు. వయసు 66, నోరు తిరగడానికి టైం పడుతుంది.

ఆమె: నువ్వు అన్నారుగా ఇప్పుడు. దానితో మొదలుపెట్టండి.

రాసినవారు: ఈ సంవాదంలో ఒకరికి వృత్తిపేరు, ఇంకొకరికి సర్వనామం పెట్టాను. మొదట 'రోగి' అని రాసుకున్నాను. కొట్టేశాను, ఇక్కడ జబ్బుపడ్డవాళ్లు ఎవరూ లేరు. 'ఆమె' అని రాయగానే సగం తగాదా నేనే తీర్చేసినట్టయింది, నిష్పక్షపాతం పోయింది. 'అతను' అని రాసినా పోయేదే. ఇక వాళ్లను మాట్లాడుకోనిద్దాం.

డాక్టరు: పేరు వదిలేద్దాం. ఒళ్లు నేను వదిలేయలేను. నువ్వు నన్ను అర్థం చేసుకోవాల్సింది అక్కడ. హిమోగ్లోబిన్ 12.5 వచ్చిందనుకో. ఆడవాళ్లకైతే సరిపోతుంది, మగవాళ్లకైతే రక్తహీనత. డబ్ల్యూహెచ్‌ఓ గీత ఒకరికి 12 దగ్గర, ఒకరికి 13 దగ్గర గీసింది. కిడ్నీల లెక్కలో ఆడవాళ్లకు 0.85తో హెచ్చిస్తాం. ల్యాబు కాగితంలో ఎం, ఎఫ్ రెండే గళ్లుంటాయి. నిర్వాణం ఆపరేషన్ చేయించుకున్నా ప్రోస్టేట్ గ్రంథి లోపలే ఉంటుంది. 60 ఏళ్లప్పుడు మూత్రం ఆగిందని వస్తే, చీటీ మీద స్త్రీ అని మాత్రమే ఉంటే, నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునే కుర్ర డాక్టరు దాన్ని వెతకనే వెతకడు. పుట్టుక అడగడం అవమానించడం కాదు. అడగకపోతేనే నేరం.

ఆమె: ఇది మాత్రం ఒప్పుకుంటాను. నాకు ఇంతకు ముందు ఎవరూ ఇలా చెప్పలేదు. పాతరోజుల్లో దాయమ్మల చేత చేయించుకున్నవాళ్లు మూత్రం దారి మూసుకుపోయి నరకం చూస్తారు. అక్కడ ఏం తీశారు, ఏం మిగిల్చారో వాళ్లకే తెలీదు. తీసేశాక హార్మోనూ వాడకపోతే ఎముకలు గుల్లవుతాయని హైదరాబాదులో విన్నాను. అడగండి, అంతా చెబుతాను. తలుపు వేసి అడగండి. అవసరమైంది అడగండి. మోకాలు నొప్పని వస్తే మోకాలు చూడండి. మోకాలు చూపించుకోవడానికి చీర ఎంతవరకు ఎత్తాలో నాకు తెలుసు.

డాక్టరు: ఎవరు అలా చేశారు?

ఆమె: ఈ ఊరు కాదు. వదిలేయండి. మాలో మగపిల్లలుగా బతికేవాళ్లూ ఉన్నారు, ఆడపిల్లలుగా పుట్టి. వాళ్ల గతి ఇంకా అన్యాయం. గడ్డం వచ్చిన కుర్రాడు కడుపునొప్పని, రక్తస్రావమని గైనకాలజిస్టు వరండాలో ఎక్కడ కూర్చోవాలి? కూర్చోలేక ఇంట్లోనే పడుంటారు. ఇక మీరంతా కలిసి చేసే పని ఇంకోటుంది. జ్వరమని వస్తే ముందు హెచ్‌ఐవీ టెస్టు రాస్తారు. నన్ను అడగకుండానే.

డాక్టరు: మీలో అది ఎక్కువని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థే చెబుతోంది. డాక్టరుగా అనుమానించాలి కదా.

ఆమె: అనుమానించండి, అడగండి. చేయిస్తాను. 2017 హెచ్‌ఐవీ చట్టం చెప్పేదీ అదే, ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదని. రిజల్టు చేతికి ఇచ్చేటప్పుడు కాంపౌండరు రెండు వేళ్లతో పట్టుకుని ఇస్తాడు చూడండి, నెగెటివ్ వచ్చినా సరే.

డాక్టరు: నువ్వు కాంపౌండరునే చూస్తున్నావు. నేను హాలు మొత్తాన్ని చూడాలి. పల్లెల నుంచి పత్తి తీసే కూలీలు, ముసలమ్మలు, పురిటాలికి పాలు పడటం లేదని వచ్చే తల్లులు, అందరూ అక్కడే కూర్చుంటారు. నువ్వు వచ్చి కూర్చుంటే ఇద్దరు లేచి అవతలి బెంచీకి పోతారు. వాళ్లది తప్పే. కానీ రేపు వాళ్లు ఆ ఆర్‌ఎంపీ దగ్గరికే పోతే, వాళ్ల బిడ్డ డీహైడ్రేషన్‌కు ఎవరు జవాబు? అందుకే రాత్రి తొమ్మిదింటికి, రద్దీ తగ్గాక రమ్మన్నాను. తీరుబడిగా మాట్లాడొచ్చు కూడా. నీకు మేలు చేద్దామనే అన్నాను.

ఆమె: డాక్టర్ ప్రాచీ రాథోడ్ పేరు విన్నారా? ఆదిలాబాదు రిమ్స్‌లో ఎంబీబీఎస్ చదివింది. హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్లు పనిచేశాక, నీవల్ల పేషెంట్లు రారేమోనని మాన్పించారు. మీ మాటే వాళ్లూ అన్నారు. తర్వాత 2022లో ఆమె, ఖమ్మం వైపు నుంచి వచ్చిన డాక్టర్ రూత్ జాన్ పాల్, ఇద్దరూ ఉస్మానియా ఆసుపత్రిలో సర్కారు డాక్టర్లయ్యారు. జనం ఏం పారిపోలేదు. మందిచ్చే చెయ్యి ఎవరిదైతే ఏంటని వరసలో నిలబడ్డారు. అక్కడ డాక్టరే మాలాంటి మనిషి. మీ హాల్లో నేను బెంచీ మీద కూర్చోవడమే కష్టమైపోయింది. ఈ ఊళ్లో పుట్టిన కవి జాషువా గారు...

డాక్టరు: ఆగు. వినుకొండలో ఏ వాదన మొదలుపెట్టినా చివరికి జాషువా దగ్గరికే చేరుస్తారు. ఆయన కావ్యంలో గబ్బిలం గుళ్లోకి వెళ్లగలదు, మనిషి వెళ్లలేడు, అదే కదా చెప్పబోతున్నావు?

ఆమె: కాదు. గుడిలోకి రాత్రి తొమ్మిది తర్వాత రమ్మని ఆయనతో ఎవరూ అనలేదు. అన్నా వెళ్లేవాడు కాడు అందామనుకున్నాను.

డాక్టరు: సరే. పగలే రా.

ఆమె: కోపంగా అనకండి.

డాక్టరు: కోపం కాదు. ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నీ వయసు 34. నీ సంగతి నీకు తెలుసు. కానీ 19 ఏళ్ల కుర్రాణ్ణి తల్లి వెంటబెట్టుకుని వస్తుంది. చేతుల మీద బ్లేడు గాట్లుంటాయి. డిగ్రీ మొదటి సంవత్సరం. వాడు నన్ను విడిగా కలిసి హార్మోన్లు రాయమంటాడు. చట్టం లెక్కన మేజరే. మూడు నెలలు ఆగమనడం నా తప్పా? కొన్ని మార్పులు వెనక్కి రావు. పిల్లలు పుట్టే అవకాశం పోతుంది. ఇంత పెద్ద నిర్ణయానికి ముందు ఒక సైకియాట్రిస్టుతో మాట్లాడించమంటే, నన్ను పాతకాలపువాణ్ణి అంటారు.

ఆమె: ఆ చేతి గాట్లకు సైకియాట్రిస్టు కావాలి. ఆ మాట నేనూ అంటాను. నాకూ అప్పట్లో ఎవరన్నా దొరికితే బాగుండేది. కానీ సైకియాట్రిస్టు దగ్గరికి దేనికి పంపుతున్నారో ఆ కుర్రాడికి చెప్పండి. తోడు కోసమా, తిప్పి పంపడం కోసమా? నా 20వ ఏట మావాళ్లు నన్ను తీసుకుపోయిన చోట కరెంటు పెడతామన్నారు. ముందు పెళ్లి చేయండి, అదే సర్దుకుంటుందన్న డాక్టరు కూడా ఉన్నాడు. ఇప్పుడైతే జాతీయ వైద్య కమిషనే 2022లో అలా మార్చబోవడం డాక్టర్ల దుష్ప్రవర్తన అని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ట్రాన్స్‌గా ఉండటాన్ని మానసిక జబ్బుల లెక్కలోంచి తీసేసింది.

డాక్టరు: నేనూ ఒకణ్ణి పంపాను. చాలా ఏళ్ల కిందట. తండ్రి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. ఉత్తరం రాసిచ్చాను. తర్వాత ఆ కుర్రాడు ఈ ఊళ్లో కనపడలేదు.

ఆమె: ఎవరో అడగను.

డాక్టరు: అడిగినా చెప్పలేను. మద్రాసు హైకోర్టు జడ్జి ఆనంద్ వెంకటేశ్ గారని, 2021లో ఇలాంటి కేసు వస్తే, నాకు ఈ విషయం తెలియదని చెప్పి, తీర్పు రాసేముందు తనే ఒక సైకాలజిస్టు ముందు కూర్చుని నేర్చుకున్నాడట. చదివి సిగ్గుపడ్డాను. ఆ కుర్చీలో ఉన్నాయన నేర్చుకోగా లేనిది... కానీ ఆయన ముందు ఒక కేసుంది, కూర్చోబెట్టి చెప్పే మనిషి దొరికింది. నా ముందు రోజుకు 80 మంది. అందుకే అంటున్నాను, మీకు విడిగా క్లినిక్కులు ఉండటమే మేలు. అన్నీ తెలిసినవాళ్లు, మీవాళ్లే నడిపేవి. హైదరాబాదు నారాయణగూడలో ఉందిగా.

ఆమె: మిత్ర్ క్లినిక్. 2021లో పెట్టారు. వెళ్లాను. మనిషిని మనిషిలా చూశారు, రిసెప్షన్లో కూర్చున్నదీ మాలాంటి మనిషే. 2025 మొదట్లో అమెరికాలో ప్రభుత్వం మారి విదేశీ సాయం ఆపేసింది, ఇక్కడ తలుపులు మూతపడ్డాయి. వాషింగ్టన్‌లో సంతకం పెడితే నారాయణగూడలో నా మాత్ర ఆగిపోయింది. తర్వాత టాటా ట్రస్టుల సాయంతో సబ్‌రంగ్ అని పేరు మార్చి మళ్లీ తెరిచారు, బాగానే ఉంది. కానీ ఆ మధ్య నెలల్లో ఎవరెవరు ఏం మింగారో. మీ క్లినిక్ 30 ఏళ్లుగా ఎవరి సంతకానికీ మూతపడలేదుగా. వినుకొండ నుంచి హైదరాబాదుకు రానూపోనూ ఖర్చు, ఒకరోజు కూలి, బస్సులో చూపులు, ఇవన్నీ మీ ఉత్తరంలో రాయరు. గుంటూరైనా 80 కిలోమీటర్ల పైమాటే.

డాక్టరు: ప్రత్యేక క్లినిక్‌లో ఉన్న చదువు నా దగ్గర లేదంటున్నాను.

ఆమె: మీ దగ్గరున్న దగ్గరితనం వాళ్ల దగ్గర లేదంటున్నాను. 2023 ఏప్రిల్‌లో మన జిల్లా లింగంగుంట్లలోనే గదా అప్పటి ముఖ్యమంత్రి ఫ్యామిలీ డాక్టర్ పథకం ప్రారంభించింది. డాక్టరే ఊరికి వస్తాడు, 104 బండిలో వస్తాడు, ప్రతి కుటుంబం పేరూ తెలిసి ఉంటుంది అన్నారు. అప్పుడు మా గురువు ఒక మాట అడిగింది. మనం ఏ ఫ్యామిలీ కింద రాయించుకోవాలే అని. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నెలకు 4000 పింఛను ఇచ్చేటప్పుడు సచివాలయానికి మేమెవరో తెలుసు, ఒకటో తారీకు ఇంటికొచ్చి ఇస్తారు. డాక్టరు దగ్గరికి వచ్చేసరికి ఫ్యామిలీ కావాలి.

డాక్టరు: ఫ్యామిలీ డాక్టరంటే కుటుంబాన్ని చూసేవాడే. అందులో దాచేదేముంది? మీ తాతకు చివరి ఇంజెక్షన్ చేసింది నేను. మీ చెల్లెలి కాన్పుకు ముందు నరసరావుపేట పంపింది నేను. మీ నాన్నకు బీపీ ఎందుకు దిగదో ల్యాబు చెప్పలేదు, నాకు తెలుసు. మీ ఇంట్లో ఏం జరిగిందో తెలిసుండటమే నా వైద్యంలో సగం. ఆయన ప్రతిసారీ లేచి వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగుతాడు. 'మావాడు ఇటేమన్నా వచ్చాడా?' అంటాడు. 13 ఏళ్లుగా అదే ప్రశ్న.

ఆమె: మీరేం చెప్తారు?

డాక్టరు: ఇన్నేళ్లూ రాలేదనేవాణ్ణి, అది నిజమే. ఇప్పుడు వచ్చావు.

ఆమె: రోగి చెప్పిన సంగతి బయట పెట్టకూడదని మీ 2002 నియమావళిలోనే ఉంది.

డాక్టరు: ఉంది. ఆ నియమం రాసినవాళ్లకు తెలియంది ఏంటంటే, అవతలివాడు కూడా నా రోగే. ఆయన రక్తపోటు ఆ ప్రశ్న దగ్గరే ఆగి ఉంది. బాగానే ఉన్నాడు, కనపడ్డాడు అని నేను ఒక్క మాట అంటే ఏ మాత్రా దించలేనంత దిగుతుంది. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు నీ అనుమతి కావాలి, అవునా?

ఆమె: కావాలి. 'కనపడ్డాడు' అనరు కదా, అందుకు.

డాక్టరు: మరేమనాలి? కనపడింది అంటే ఆయన కుర్చీలోంచి పడిపోతాడు.

ఆమె: ఆయన నన్ను గెంటలేదండీ. అది కూడా మీకు తెలియాలి. గెంటింది మా పెదనాన్నా, అన్నయ్యా. ఆయన గడప మీద కూర్చుని తల ఎత్తలేదు, అంతే. ఆ గడప మీద మనిషికి ఏం చెప్పాలో నాకూ తెలీదు. అది నేను తేల్చుకోవాల్సిన సంగతి, మీ స్టెతస్కోపు తేల్చేది కాదు. కుటుంబానికి డాక్టరయ్యారు, సంతోషం. నాకు కూడా విడిగా ఒక డాక్టరు కావాలి. ఇద్దరూ మీరే కావడం మీ దురదృష్టం.

డాక్టరు: నా వైపు నుంచి చివరిగా ఇది. గుంటూరులో ఒకసారి ఎండోక్రినాలజిస్టుకు చూపించుకో. మోతాదు ఆయన రాస్తాడు. ఆ తర్వాత మూడు నెలలకోసారి రక్తపరీక్షలు, బీపీ, కాళ్ల వాపు, లివరు అన్నీ ఇక్కడే చూస్తాను. తేడా వస్తే నేనే ఆయనకు ఫోన్ చేస్తాను. ఇప్పుడు మింగేవి ఏంటో చీటీలన్నీ తెచ్చివ్వు, అందులో చంపేవి ఉంటే ఈరోజే ఆపిస్తాను. మొదలుపెట్టడం మాత్రం నేను చేయను. దానిమీద నువ్వు ఎంత వాదించినా నా చెయ్యి ఆడదు.

ఆమె: నేను గుంటూరు వెళ్లగలను. కుట్టుమిషను ఉంది, పింఛను ఉంది, నోరూ ఉంది. టోల్‌గేటు దగ్గర నిలబడే పిల్ల వెళ్లలేదు. దానికి మీరు మొదలుపెట్టరు, గుంటూరాయన దాకా అది చేరదు. దాన్ని లాడ్జి గదికి వదిలేసినట్టే కదా?

డాక్టరు: తీసుకురా. చూస్తాను.

ఆమె: చూస్తారు, రాయరు.

డాక్టరు: చూస్తాను అన్నాను.

ఆమె: మొదట్లో కూడా అదే అన్నారు.

డాక్టరు: మొదట్లో అన్నప్పుడు నాకు దాని అర్థం ఇంత తెలీదు. ఇప్పటికైతే అంతకన్నా ముందుకు రాలేను.

ఆమె: సరే. ముందు నా చీటీలు తెస్తాను. ఎప్పుడు రమ్మంటారు?

డాక్టరు: గురువారం... కాదు, గురువారం మీ నాన్న వస్తాడు. పరగడుపున రక్తం ఇవ్వమన్నాను. ఎనిమిదింటికల్లా వచ్చి ఆ బెంచీ మీదే కూర్చుంటాడు. నువ్వు వస్తున్నావని తెలిస్తే ఆయన రావడం మానేస్తాడేమో. మానేస్తే ఆయన షుగరు ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

ఆమె: ఆయన కాళ్లకు తిమ్మిర్లు తగ్గాయా?

డాక్టరు: ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదని ఇందాక నువ్వే అన్నావు.

ఆమె: అన్నాను. గురువారం కాకుండా ఇంకో రోజు చెప్పండి. పగటిపూట చెప్పండి.